గ్రంథాలయోద్యోగుల వృత్తిశిక్షణము - తెలుగు పరిశోధన

విశ్వవిద్యాలయ గ్రంథాలయముల వార్షిక నివేదికలలో ఉద్యోగులను గూర్చి యొక చిన్న ప్రకరణ ముండుట పరిపాటి. ఎవరు నియమితులైరి, ఎవరు పదోన్నతి నందిరి, ఎవరు పదవీ విరమణ చేసిరి, ఎవరే శిక్షణ తరగతులకు వెళ్లి వచ్చిరి అను విషయము లందుండును. గ్రంథముల సంఖ్యను, పత్రికల పట్టికను శ్రద్ధతో చూచు పరిశోధకుడు ఈ ప్రకరణమును చదువక విడిచిపెట్టును. అది తన పనికి సంబంధించినది కాదని ఆతని తలంపు. ఈ తలంపు సరికాదనియు, గ్రంథాలయోద్యోగి వృత్తిశిక్షణము పరిశోధన విధానములో నొక భాగమే యనియు చూపుట ఈ వ్యాసోద్దేశము. ఇందుకు తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములును, వాని పరిసరములును చాలినన్ని నిదర్శనముల నిచ్చుచున్నవి.

1. శిక్షణము మనకు వచ్చిన తెరగు

భారతదేశమున గ్రంథాలయ శిక్షణమునకు మొదటి తరగతి 1911లో బరోడాలో నడచెను. సాయాజీరావు గైక్వాడు ఆహ్వానముపై వచ్చిన అమెరికను గ్రంథపాలకుడు బోర్డెను దానిని నడపెను. 1915లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయమున డికిన్సను మరియొక తరగతిని ప్రారంభించెను. దక్షిణమున మద్రాసు గ్రంథాలయ సంఘము 1929లో నెలకొల్పిన పాఠశాలను 1931లో మద్రాసు విశ్వవిద్యాలయము చేపట్టెను. ఆ విశ్వవిద్యాలయమునకు 1924లో గ్రంథపాలకులైన ఎస్. ఆర్. రంగనాథను గారు దీనికి ప్రాణభూతులు. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1935లోను, ఉస్మానియా విశ్వవిద్యాలయము 1959లోను గ్రంథాలయ శాస్త్ర బోధనకు పూనుకొనెను.

ఇది విశ్వవిద్యాలయముల చరిత్ర. తెలుగుదేశమున దీనికి సమాంతరముగా మరియొక చరిత్ర కలదు. 1913లో ప్రథమాంధ్ర మహాసభ బాపట్లలో జరిగెను. మరుసటి యేడు ద్వితీయ సభ బెజవాడలో జరుగు సందర్భముననే, 1914 ఏప్రిల్ 10వ తేదీన, చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి అధ్యక్షతను గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఈ యత్నమునకు ముఖ్య కారకులు. గ్రంథాలయమును నడపువానికి వేతనమైనను లేని ఆ దినములలో సంఘమువారు యాత్రల ద్వారమునను, సభల ద్వారమునను, 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక మూలమునను వారికి పని నేర్పిరి. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసెను. పాత పత్రికల సంపుటములకై తెలుగు పరిశోధకులు నేటికిని దాని నాశ్రయించుచున్నారు. తెనాలి ప్రాంతమందలి పెదపాలెము గ్రామవాసి పాతూరి నాగభూషణము గారు 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువలో నడచు పడవలలో పుస్తకములుంచి పడవ గ్రంథాలయమును నిర్వహించిరి. పడవ యెక్కినవాడు దిగులోపల ఏ పుస్తకము చదువగలడో, ఏ రేవున ఎవరికి ఏది కావలెనో ఎరిగి అందించుట గ్రంథపాలకుని మొదటి విద్య. ఇది ఏ పాఠ్యగ్రంథము నుండియు నేర్చినది కాదు; చదువరిని ఎరుగుట వలన వచ్చినది.

ఈ రెండు చరిత్రలును మన విశ్వవిద్యాలయ గ్రంథాలయములలో సంపూర్ణముగా కలియలేదు. తరగతులలో వర్గీకరణము, సూచీకరణము, యంత్ర వినియోగము నేర్పబడుచున్నవి. తెలుగు గ్రంథమును, తెలుగు గ్రంథకర్తను, తెలుగు చదువరిని ఎరుగుట మాత్రము ఉద్యోగములో చేరిన పిమ్మట ఎవరికి వారు నేర్చుకొనవలసినదిగా నిలిచినది. ఆ నేర్వవలసినది ఎంతటిదో ఇక పరిశీలింతము.

2. తెనాలి: కర్తృనామముల చిక్కు

గ్రంథసూచిలో మొదటి పని గ్రంథకర్త పేరును నిర్ణయించుట. పాశ్చాత్య నామములలో వంశనామము చివర వచ్చును. తెలుగువారి ఇంటిపేరు ముందు వచ్చును. 1978 నాటి ఆంగ్లో అమెరికన్ సూచీకరణ నియమావళి రెండవ కూర్పు తెలుగు నామములను తమిళ, కన్నడ, మలయాళ నామములతో నొక్క వరుసను చేర్చినది. ఇంటిపేరున్నచో దాని క్రిందను, లేనిచో వ్యక్తినామము క్రిందను నమోదు చేయుమని దాని సారాంశము. ఏది ఇంటిపేరు, ఏది ఊరిపేరు అని తేల్చుకొను భారము సూచీకర్తదే.

ఈ భారమెంతటిదో ఒక్క తెనాలి చెప్పగలదు. పాండురంగ మాహాత్మ్య కర్తయైన తెనాలి రామకృష్ణుని ఇంటిపేరు గార్లపాటి యని సంప్రదాయము; లోకము మాత్రము ఊరిపేరునే ఇంటిపేరు చేసినది. తెనాలిలో పెరిగిన చలము గారు కొమ్మూరి వారింట జన్మించి, మాతామహునికి దత్తుడగుటచే గుడిపాటి వెంకటచలమైరి. తెనాలి కేంద్రముగా సాహితీ సమితిని నడపిన తల్లావజ్ఝల శివశంకరశాస్త్రి గారు తరువాత సన్న్యసించి శివశంకరస్వామి యైరి. ఆలూరి వెంకటసుబ్బారావు గారిని చక్రపాణి యనినగాని ఎవరును గుర్తింపరు. త్రిపురనేని రామస్వామి చౌదరి గారికి 'కవిరాజు' బిరుదే నామమై నిలిచెను. ఊరిపేరు, దత్తత, సన్న్యాసము, కలము పేరు, బిరుదు - ఈ ఐదు చిక్కులును ఒక్క పట్టణముననే కలవు.

సూచీకర్త వీనిని ఎరుగనిచో శివశంకరశాస్త్రి రచనలు శకారమున కొన్ని, తకారమున కొన్ని, 'స్వామి' యని సకారమున కొన్నియై చెదరిపోవును. పరిశోధకుడు ఒకచోట చూచి, ఉన్నవి ఇంతే యని తన సిద్ధాంత గ్రంథమున వ్రాయును. ఆ లోపము పరిశోధకునిదిగా కనబడును. దాని మూలము సూచిలో నున్నది. ఒక నామమును స్థిరపరచి తక్కిన రూపములనుండి దానికి దారి చూపుటయే దీనికి చికిత్స. కాని దారి చూపవలెనన్నచో రెండు పేర్లును ఒకరివేయని మొదట తెలిసియుండవలెను. ఇది సాహిత్య చరిత్ర జ్ఞానము. గ్రంథాలయ శాస్త్ర పట్టము మాత్రమే దీని నీయజాలదు.

3. రేపల్లె, బాపట్ల: స్థలముల, సంస్థల చిక్కు

రెండవది స్థలనామము. రేపల్లెకు చేరువనున్న భట్టిప్రోలు స్తూపమున 1892లో అలెగ్జాండరు రీ ధాతుపేటికలను కనుగొనెను. వానిపై శాసనములను బ్యూలరు పండితుడు చదివి ఎపిగ్రాఫియా ఇండికా రెండవ సంపుటమున ప్రకటించెను. తెలుగు లిపి పరిణామమును గూర్చి పనిచేయు విద్యార్థి యెవరైనను వీనిని చూడక తప్పదు. అతడు గుంటూరు మండలము క్రింద వెదకినచో 1892 నాటి వ్రాతలు దొరకవు. ఏలయన గుంటూరు మండలము 1904లో ఏర్పడినది. అంతకుముందు భట్టిప్రోలు కృష్ణా మండలములోనిది. 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి అది బాపట్ల జిల్లాలోనిది. అనగా నూటముప్పది సంవత్సరములలో ఒక్క గ్రామము మూడు జిల్లాల పేర వ్రాయబడినది.

వేటపాలెము చరిత్ర ఇంతకంటె చిక్కైనది. అది కృష్ణా మండలమున నుండి గుంటూరు మండలమునకును, 1970లో ఒంగోలు జిల్లాకును, ఆ జిల్లా పేరు మారగా ప్రకాశము జిల్లాకును, 2022లో బాపట్ల జిల్లాకును చెందినది. తెనాలి మాత్రము గుంటూరు జిల్లాలోనే నిలిచినది. జిల్లాను బట్టి స్థానిక చరిత్రలను అమర్చిన గ్రంథాలయమున ఈ మార్పుల నెరిగిన ఉద్యోగి లేనిచో గ్రంథములున్నను లేనట్లే యగును.

సంస్థల పేరులును ఇట్టివే. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో ఆరంభమైనది. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము 1996లో ఆచార్య ఎన్. జి. రంగా పేరు దాల్చినది. 1976లో స్థాపితమైన నాగార్జున విశ్వవిద్యాలయము 2004 నుండి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమని వ్యవహరింపబడుచున్నది. సిద్ధాంత గ్రంథములు, నివేదికలు ఏ పేరున వెలువడినవో ఆ పేరుననే యుండుట న్యాయము. అయినను పాత పేరునుండి క్రొత్త పేరునకును, క్రొత్తదానినుండి పాతదానికిని త్రోవ యుండవలెను. వ్యవసాయ కళాశాల గ్రంథపాలకునకు ఇంకొక బాధ్యతయు కలదు. రైతు నోట వినబడు తెగులు పేరును శాస్త్రగ్రంథమందలి పేరుతో జతపరుపనిచో, ఎన్ని గ్రంథములు కొన్నను ఆ జ్ఞానము పొలమునకు చేరదు.

4. కాలము, లిపి

పాత తెలుగు పుస్తకముల ముఖపత్రములపై క్రీస్తు శకమునకు బదులు ప్రభవాది సంవత్సర నామము మాత్రమే ముద్రింపబడి యుండుట కలదు. ఈ నామములు అరువది యేండ్లకొకసారి తిరిగి వచ్చును. గ్రంథాలయ సంఘము పుట్టిన 1914, ఆనంద నామ సంవత్సరము. 1854, 1974 సంవత్సరములును ఆనందలే. ముఖపత్రమున 'ఆనంద' యని మాత్రమే యున్నప్పుడు అది ఏ ఆనందయో కాగితమును, అచ్చును, ముద్రణాలయమును చూచి నిర్ణయింపవలెను. ఇచ్చట అరువదేండ్ల పొరపాటు జరిగినచో ఒక ప్రక్రియ పుట్టుక తేదీయే తారుమారగును.

యంత్రములు వచ్చిన పిదప ఈ చిక్కులు తీరినవని కొందరి నమ్మకము. గ్రంథాలయములను వలగా కూర్చుటకు 1991లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఆరంభమైనది. దాని వలన కలిగిన మేలు గొప్పది. కాని తెలుగు శీర్షికను దీర్ఘ చిహ్నములు లేని రోమను లిపిలో నమోదు చేసినప్పుడు కల, కళ, కాల, కాళ అను నాలుగును ఒక్కటే యగును. పాట, పాత యనువానికి భేదముండదు. యంత్రము తనలో వ్రాసినదానినే వెదకును, వ్రాయనిదానిని ఊహింపదు. కావున కంప్యూటరు వచ్చుటచే సుశిక్షితుడైన ఉద్యోగి అవసరము తగ్గలేదు. అతడు చేయు ఒక్క తప్పు పూర్వము ఒక పెట్టెలో నిలిచెడిది. నేడది వల నిండ వ్యాపించుచున్నది.

5. విరమణతో పోవునది

మేము పరిశోధక విద్యార్థులముగా నున్న కాలమున జరిగిన విషయ మొకటి చెప్పెదము. ఒక గ్రంథాలయమున సాహితీ సమితి కాలపు చిన్న పుస్తకమునకై మూడు దినములు కార్డుల పెట్టెలు వెదకితిమి, లభింపలేదు. నాలుగవనాడు అచ్చటి వృద్ధ సహాయకుడు "ఏ పుస్తకము కావలె బాబూ?" అని యడిగెను. పేరు చెప్పగానే లోని కేగి, వేరొక పుస్తకముతో కలిపి బైండు చేసిన సంపుటమును తెచ్చియిచ్చెను. బైండులో ముందున్న పుస్తకమునకే కార్డు వ్రాయబడినది. రెండవది ఆయన జ్ఞాపకములో మాత్రమే నమోదై యున్నది. ఆ సంతోషమున మేము సంపుటపు సంఖ్యను వ్రాసికొనమైతిమి. కొన్నియేండ్ల తరువాత మా విద్యార్థి నొకరిని ఆ పుస్తకమునకై పంపగా, అది తమవద్ద లేదని సమాధానము వచ్చెను. సహాయకుడు అప్పటికి పదవీ విరమణ చేసియుండెను. మేమే వెళ్లి, అట్ట రంగును గుర్తుంచుకొని వెదకగా రెండవనాడు దొరకెను. అప్పుడు దానికి కార్డు వ్రాయించితిమి. పుస్తకము ఎచ్చటికిని పోలేదు. అది యున్నదని తెలిసిన మనిషి వెడలిపోయెను.

ఆయన విరమణ వార్తయు ఆ సంవత్సరపు నివేదికలో నొక పంక్తి యై యుండును. ఆ పంక్తి వెనుక ఎన్ని పుస్తకములు మరుగుపడినవో ఎవరును లెక్కింపలేదు.

6. చేయదగినవి

రంగనాథను గారి అధ్యక్షతను 1957లో ఏర్పడిన విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘపు గ్రంథాలయ సమితి, గ్రంథాలయోద్యోగులకు బోధకులతో సమానమైన స్థాయి నిచ్చుట యుక్తమని సూచించెను. 1987 నుండి అకడమిక్ స్టాఫ్ కాలేజీలలో గ్రంథపాలకులకును పునశ్చరణ తరగతులు నడచినవి. స్థాయికి తగిన బాధ్యతయు, బాధ్యతకు తగిన శిక్షణమును ఉండవలెను. అందుకై మాకు తోచినవి మూడు.

మొదటిది, విరమణకో బదిలీకో ముందు ప్రతి ఉద్యోగియు ఒక అప్పగింత పత్రమును వ్రాయవలెను. తాళపుచెవుల, రిజిస్టర్ల అప్పగింత ఇప్పుడును కలదు. సూచిలోని లోపములు, కలిపి బైండు చేసిన సంపుటములు, తరచుగా అడుగబడు అపురూప గ్రంథముల ఉనికి దానికి తోడు కావలెను. ఈ పని జరుగుటకు విరమణకు ముందు కొన్ని వారములు ఆ ఉద్యోగిని తక్కిన పనులనుండి విడిపించుట అవసరము.

రెండవది, తెలుగు గ్రంథకర్తల నామరూపముల పట్టికను తెలుగు శాఖయు, గ్రంథాలయమును కలసి కూర్పవలెను. తెనాలి, బాపట్ల, రేపల్లె కళాశాలల గ్రంథపాలకులు తమ తమ ప్రాంతపు రచయితల పేర్లతో దీనిని ఆరంభింపవచ్చును. ఒక్కొక్క ఊరి వివరములు ఆ ఊరివారికి తెలిసినట్లు ఇతరులకు తెలియవు. పునశ్చరణ తరగతులలో యంత్ర పాఠములతో పాటు ఈ పట్టిక కూర్పును ఒక అభ్యాసముగా నుంచుట మేలు.

మూడవది మన బోధకుల పని. పరిశోధనలో చేరిన విద్యార్థి మొదటి సంవత్సరమున కొన్ని దినములు గ్రంథాలయోద్యోగి ప్రక్కను కూర్చుండి కార్డు వ్రాయుట నేర్వవలెను. తాను చేర్చుకొన్న అంశమునకు సంబంధించిన లోపములను సవరించి యీయవలెను. గ్రంథాలయము వలన పొందినదానిలో కొంత గ్రంథాలయమునకే తిరిగి ఇచ్చుట దీని వలన అలవడును.

పడవలో పుస్తకములు పెట్టినవారికి చదువరి ఎదుటనే యుండెను. మన గ్రంథాలయములలో పనిచేయువారికి తమ చదువరి ఎవరో, తమ కార్డు ఎవరి సిద్ధాంతమును నిలబెట్టుచున్నదో తెలియుట లేదు. ఆ కార్డు వ్రాసినవారెవరో మనకును తెలియుట లేదు. వచ్చే సంవత్సరపు నివేదిక చేతికి వచ్చినప్పుడు ఉద్యోగుల ప్రకరణమును ముందుగా చదువుడని మా విద్యార్థులకు చెప్పదలచితిమి. అందు విరమణ చేయువారి పేరున్నచో, ఆ వారముననే వెళ్లి వారిని కలిసికొని, వారికి తెలిసినదానిని వ్రాసికొని రావలెను. మన పరిశోధనలో కొంత భాగము వారి జ్ఞాపకముననే నిలిచియున్నది.