గట్టును నిలిపెడి అలంకారపు గడ్డి

వానలు తగ్గుముఖము పట్టిన దినములలో దుమ్ముగూడెము వద్ద గోదావరి ఒడ్డున నిలిచి చూచినచో, ఇసుక తిన్నెలపై రెల్లు తెల్లగా పూచి గాలికి ఊగుచుండును. దానిని ఎవరును నాటలేదు, ఎవరును నీరు పోయలేదు. అయినను పంచాయతీ కార్యాలయము ముందరను, పాఠశాల ఆవరణమునందును, పల్లె ప్రకృతి వనమునందును అందమునకై గడ్డి పెంచవలెనని తలచినప్పుడు మనవారి చూపు పట్టణపు నర్సరీల వైపునకే పోవును. అచ్చట కుండీలలో అమ్మెడి విదేశపు గడ్డిని కొని తెచ్చుటకు ముందు పంచాయతీ సభ్యులు రెండు విషయములు ఆలోచింపవలెను.

మొదటిది అడవి. ఫౌంటెన్ గడ్డి అను ఆఫ్రికా జాతి చూచుటకు ముచ్చటగా నుండును. కాని దాని విత్తనములు గాలికి కొట్టుకొనిపోయి దూరమున మొలకెత్తును. హవాయి ద్వీపములలో తోటలకై తెచ్చిన ఈ గడ్డి బీళ్ళలోనికి పాకి, ఎండి, కార్చిచ్చులకు మేతయైనది. పంపాస్ గడ్డి కాలిఫోర్నియాలోను, న్యూజీలాండులోను అట్లే కలుపుగా మారినది. ఊరి పొలిమేరయే అడవి అంచు అయిన మన ప్రాంతమున ఇట్టి జాతులను నాటకుండుటయే మేలు.

రెండవది నేల. భద్రాచలము వద్ద గోదావరి నీటిమట్టము 53 అడుగులకు చేరినంతనే మూడవ ప్రమాద హెచ్చరిక వెలువడును. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పెరిగినది. అట్టి వరద తీసిన పిమ్మట వాగుల ఒడ్లు, చెరువు కట్టలు, మట్టి రోడ్ల అంచులు నాని విరిగిపడును. అందమునకు నాటెడి గడ్డియే ఈ మట్టిని కూడ పట్టి ఉంచినచో పెట్టిన ఖర్చు రెండు విధముల ఫలించును గదా!

ఈ పనికి వట్టివేరు గడ్డిని మించినది లేదు. దీని వేళ్ళు ప్రక్కలకు పాకక, నేలలోనికి నిటారుగా రెండు మూడు మీటర్ల లోతు వరకు దిగును. పొలములోనికి చొరబడునను భయము లేదు. కర్ణాటకములో గుండ్లుపేట వైపు రైతులు దీనిని పొలపు సరిహద్దులలో బహుకాలముగా నాటుచున్నారు. 1950 దశకమున ఫిజీ ద్వీపములలో చెరకు తోటల వాలులపై మట్టి కొట్టుకొనిపోకుండ దీనినే వరుసలుగా నాటిరి.

నాటు విధము సులభము. ముదురు దుబ్బును త్రవ్వి, రెండు మూడు పిలకల చొప్పున విడదీయవలెను. ఆకును జానెడు ఉంచి పైభాగమును, వేరును నాలుగంగుళములు ఉంచి మిగిలినదానిని కత్తిరింపవలెను. మృగశిర కార్తెలో నేల తడిసిన వెంటనే, వాలునకు అడ్డముగా, నాలుగైదు అంగుళముల ఎడముతో ఒకే వరుసగా నాటవలెను. ఎడము ఎక్కువైనచో నీరు ఆ సందులనే గండ్లుగా చేయును. కనుక చచ్చిన మొక్కల స్థానమున ఆ వర్షాకాలములోనే వేరే పిలకలు పెట్టవలెను. మొదటి ఏడు పశువులు త్రొక్కకుండ ముళ్ళకంప వేయుట అవసరము. చెట్ల నీడలో ఇది ఎదగదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. వట్టివేళ్ళకు అంగడిలో ధర కలదు. గట్టుమీది దుబ్బులను వేళ్ళకొరకు పెకలించినచో గట్టు ముందుకంటె బలహీనమగును. అమ్మకమునకు కావలెనన్నచో వేరుగా ఇసుక నేలలో పెంచి, ఏడాదిన్నర తరువాత త్రవ్వుకొనవచ్చును. ఈ కట్టడిని గ్రామసభలో తీర్మానించుట మంచిది. గోదావరి ప్రధాన ప్రవాహము కోయుచున్న ఒడ్డును మాత్రము ఏ గడ్డియు నిలుపజాలదు. అది రాతి కట్టుబడితో ఇంజనీర్లు చేయవలసిన పని.

కార్యాలయపు బాటల ప్రక్కకు నిమ్మగడ్డి తగును. దాని వాసనవలన పశువులు సాధారణముగా దానిని మేయవు. తేమగల చోట కొండచీపురు నాటినచో దాని కుచ్చులు శీతకాలమున కన్నుల పండువగా నుండును. తరువాత కోసి చీపుళ్ళు కట్టుకొనవచ్చును. కుచ్చులను కోయవలెనేగాని దుబ్బును పీకరాదు. ఎండగల ఆవరణమునకు మన గరికయే చాలును. రెల్లు మాత్రము ఏటి ఒడ్డుననే ఉండనిండు. అది పొలములో ప్రవేశించినచో తీయుట కష్టము.

అన్ని దుబ్బులకును శివరాత్రి నాటికి ఎండుటాకును కొడవలితో కోసివేయవలెను. వట్టివేరును మోకాలి ఎత్తున కోసినచో క్రొత్త పిలకలు వచ్చి వరుస చిక్కనగును. కోసిన ఆకు కప్పులకు, మొక్కల మొదళ్ళ చుట్టును పరచుటకు ఉపయోగపడును. దానిని అచ్చటనే తగులబెట్టు అలవాటు మానవలెను. ఆ దినములలో ఒక్క నిప్పురవ్వ అడవికి చాలును.

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము గ్రామ పంచాయతీ బడ్జెట్టులో పదవ వంతును పచ్చదనమునకు కేటాయింపవలెనని నిర్దేశించినది. పంచాయతీ నర్సరీలో ఒక మడిని వేసవిలోనే వట్టివేరు పిలకలకు విడిచి నీరు పెట్టినచో, తొలకరి నాటికి నాట్లకు పిలకలు సిద్ధముగా నుండును. ముందుగా చెరువు తూము వద్దను, రోడ్డు కల్వర్టుల ప్రక్కలను నాటి, మిగిలిన పిలకలను పొరుగు పంచాయతీకి ఇవ్వవచ్చును.