శస్త్రచికిత్స తరవాత వాణిజ్య ఆహార పథకాలు

బరువు తగ్గించే శస్త్రచికిత్స జరిగిన కొన్నేళ్లకు బరువు మళ్లీ పెరిగితే, డబ్బు కట్టి ఆహార పథకంలో చేరవచ్చా? మీ బంధువు ఒకరు ఇలా అడిగారనుకోండి.

ముందు జీర్ణాశయాన్ని గుర్తు తెచ్చుకోండి. స్లీవ్ పద్ధతిలో దాదాపు 75-80 శాతం తొలగిస్తారు. బైపాస్‌లో ఆహారం చేరేది సుమారు 30 మిల్లీలీటర్ల సంచిలోకే. 1963లో న్యూయార్క్‌లో మొదలైన వెయిట్ వాచర్స్ వంటి పథకాలు మామూలు జీర్ణాశయం ఉన్నవారికోసం రూపొందినవి. అందులో పండ్లకు, చాలా కూరగాయలకు సున్నా పాయింట్లు. మామూలు వ్యక్తికి అది మేలే. కానీ చిన్న సంచిని దోసకాయ ముక్కలతోనే నింపితే, రోజుకు కనీసం కావలసిన 60 గ్రాముల మాంసకృత్తులకు చోటెక్కడిది? కండరం కరుగుతుంది, జుట్టు రాలుతుంది. అందుకే ముందు గుడ్డు, చేప, పప్పు, పెరుగు, ఆ తరవాతే కూర, అన్నం చివరన. బైపాస్ అయినవారికి చక్కెర పానీయాలు గుండెదడ, చెమటలు, విరేచనాలు తెప్పించవచ్చు. ఏ పథకంలో చేరినా బి12, ఐరన్, కాల్షియం మాత్రలు మానరాదు.

అయినా వీటిని పూర్తిగా కొట్టిపారేయను. తిన్నది రాసుకోవడం, వారానికోసారి తోటివారిని కలవడం నిజంగా పనికొస్తాయి. తరగతిలో హాజరుపట్టీ చేసే పని కూడా ఇదే కదా! భోజన పట్టికను మాత్రం శస్త్రచికిత్స బృందంలోని డైటీషియన్‌కు చూపించి, మార్పించుకోమని చెప్పండి. అంతకంటే ముందు సర్జన్‌ను కలవమనండి. బరువు పెరగడానికి కారణం సంచి సాగడమో, వేరే జబ్బుకు వాడే మందో కావచ్చు.