కలుపు నిరోధక వస్త్రం

కలుపు నిరోధక వస్త్రం అనగా తోటలలో కలుపు మొక్కలు మొలవకుండా నేలపై పరిచే కృత్రిమ వస్త్రం. వాడుకలో దీనిని వీడ్ మ్యాట్ అంటారు. ఇది సూర్యరశ్మిని నేలకు చేరనీయదు గాని, నీటిని, గాలిని లోనికి పోనిస్తుంది. నర్సరీలలో కుండీల కింద, నడకదారులలో గులకరాళ్ళ కింద, అలంకరణ మొక్కల మడులలో దీనిని పరుస్తారు. ఈ వస్త్రం శాశ్వతమైనది కాదు. అది చిరిగినపుడు అతుకు వేయాలా, మార్చాలా, పూర్తిగా తీసివేయాలా అన్నది చిరుగుకు గల కారణాన్నిబట్టి నిర్ణయించాలి.

రకాలు

ఈ వస్త్రాలను ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో తయారుచేస్తారు. సన్నని పట్టీలను నేసి చేసినది గట్టిగా ఉంటుంది, కాని కత్తిరించిన అంచుల వద్ద పోగులు ఊడిపోతాయి. పోగులను వేడితో అతికించి చేసిన నేయని రకం నీటిని సులభంగా పీల్చి దింపుతుంది, కాని త్వరగా చిరుగుతుంది. మిరప, పుచ్చ తోటలలో వేసే మల్చింగ్ షీటు వేరు. అది నీటిని పోనీయని పలుచని ప్లాస్టిక్ పొర కనుక దాని కింద బిందు సేద్యపు గొట్టాలు అమర్చవలసి ఉంటుంది.

పాడగుటకు కారణాలు

* ఎండ: పైనున్న గులకరాళ్ళు, ఆకుల పొర తొలగినచోట అతినీలలోహిత కిరణాలు తగిలి వస్త్రం పెళుసుబారుతుంది.
* కలుపు: తుంగ మొలకలు సూదివలె వస్త్రాన్ని పొడుచుకొని పైకి వస్తాయి. గరిక అంచుల నుండి, అతుకుల సందుల నుండి పాకుతుంది.
* మట్టి పేరుకొనుట: పైన వేసిన ఆకులు, చెక్కపొట్టు కుళ్ళి మట్టిగా మారతాయి. గాలికి వచ్చిన విత్తనాలు అందులోనే మొలిచి, వేళ్ళు వస్త్రంలోకి దిగుతాయి. ఇటువంటి మొక్కలను పెరికినపుడు వస్త్రం చిరుగుతుంది.
* పార, గునపం వంటి పనిముట్లు తగులుట, ఎలుకలు కొరుకుట.

పరీక్ష

మరమ్మతుకు ముందు చిరుగు పక్కన పైపొరను తొలగించి, వస్త్రంపై చెంబెడు నీరు పోయాలి. నీరు ఇంకక నిలిచిపోతే రంధ్రాలు మట్టితో పూడుకుపోయాయని అర్థం. అంచును చేతితో లాగినపుడు పొడిపొడిగా రాలితే అది ఎండకు చివికినది. ఈ రెండు సందర్భాలలోనూ అతుకు వలన ప్రయోజనం ఉండదు.

అతుకు వేయు విధానం

1. చిరుగు చుట్టూ పైపొరను తీసి, మట్టిని ఊడ్చాలి.
2. కలుపును వేళ్ళతో సహా తవ్వి తీయాలి. తుంగ గడ్డలు నేలలో మిగిలితే మళ్ళీ మొలుస్తాయి.
3. అదే రకపు వస్త్రాన్ని చిరుగుకంటే అన్నివైపులా సుమారు 15 సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా కత్తిరించాలి. నేసిన వస్త్రపు అంచులను వేడిచేసిన కత్తితో కోస్తే పోగులు ఊడవు.
4. అతుకును పరచి, అంచుల వెంబడి 'యు' ఆకారపు ఇనుప మేకులు దిగగొట్టాలి.
5. ఎండ తగలకుండా తిరిగి పైపొరను కప్పాలి.

మొక్క మొదలు వద్ద వస్త్రం బిగుసుకొని ఉంటే రంధ్రాన్ని పెద్దది చేయాలి. లేనియెడల కాండం లావెక్కినకొద్దీ వస్త్రం దానిని ఒరుసుకొని నొక్కివేస్తుంది.

తొలగింపు, మార్పిడి

పాత వస్త్రాన్ని నేల తడిగా ఉన్నపుడు తీయడం సులభం. చెట్ల వేళ్ళు దానిలో అల్లుకొని ఉంటే బలంగా లాగరాదు, పీచువేళ్ళు తెగి చెట్టు దెబ్బతింటుంది. వేళ్ళ చుట్టూ ముక్కలుగా కత్తిరించి తీయాలి. పాత వస్త్రం మీదనే కొత్తది పరిస్తే నీరు, గాలి మరింత తగ్గుతాయి.

పాలీప్రొపిలీన్ మట్టిలో కుళ్ళదు. చివికిన పోగులు సూక్ష్మ ప్లాస్టిక్ ముక్కలుగా మట్టిలో ఉండిపోతాయి. అందువలన ముక్కలు రాలక ముందే తీయడం మంచిది. తీసిన దానిని తగులబెట్టక పొడి చెత్తలో వేయాలి.

ప్రత్యామ్నాయాలు

కుండీల కింద, నడకదారులలో వస్త్రాన్ని మార్చి వేయడం సబబే. మొక్కల మడులలో మాత్రం సేంద్రియ ఆచ్ఛాదన మేలు. అట్టపెట్టెల అట్టలను తడిపి పరచి, వాటిపై ఎండుగడ్డి, ఎండుటాకులు లేక చెరకు చెత్తను 5 నుండి 10 సెంటీమీటర్ల మందాన వేయవచ్చు. ఇవి కుళ్ళి నేలను సారవంతం చేస్తాయి, వానపాములకు ఆహారమవుతాయి. అయితే ఏటా కొత్త పొర వేయవలసి ఉంటుంది. చెదలు, కుళ్ళు సోకకుండా ఈ పొరను కాండానికి కొంత ఎడంగా ఉంచాలి.

ఇవి కూడా చూడండి

* కలుపు మొక్క
* తుంగ
* బిందు సేద్యం