ఎత్తు ఎవరిదైనా... గడియారం ఇద్దరిదీ!

పోయిన వేసవి సెలవుల్లో ఒక ఆదివారం. ఓ స్కూలు హాల్లో పిల్లలకి చెస్ పోటీ పెట్టారు. మా అమ్మాయిని తీసుకుని నేనూ వెళ్ళాను. చెస్ ఆడే పిల్లలున్న ఇళ్ళల్లో ఈ దృశ్యం మీకు తెలిసిందే. లోపల బల్లల ముందు పిల్లలు, బయట వరండాలో టిఫిన్ డబ్బాలు, మంచినీళ్ళ సీసాలు పట్టుకుని మనం!

నాలుగో రౌండు కిటికీలోంచి చూస్తున్నాను. మా అమ్మాయి దగ్గర మిగిలింది ఒక ఏనుగు, రెండు బంట్లు. ఎదుటి పాప దగ్గర మంత్రి ఉంది, ఏనుగుంది, నాలుగు బంట్లున్నాయి. ఇంకేముంది, ఓడిపోయిందనే అనుకున్నాను. అంతలో మా అమ్మాయి చెయ్యెత్తి ఆర్బిటర్‌ని పిలిచింది. ఆయన వచ్చి గడియారం చూశారు. ఎదుటి పాప వైపు అన్నీ సున్నాలే. ఆట మా అమ్మాయిదని రాసుకుని వెళ్ళిపోయారు.

ఆ పాప బల్ల మీద తల వాల్చి ఏడ్చేసింది. వాళ్ళమ్మగారు నా దగ్గరకొచ్చి, "ఆట మా అమ్మాయిదేనండీ. గడియారం మీకు కలిసొచ్చింది, అంతే" అన్నారు. నాకేం మాట్లాడాలో తోచలేదు. కాసేపటికి మా అమ్మాయి బయటికొచ్చి నెమ్మదిగా అడిగింది. "అమ్మా, ఇది గెలిచినట్టేనా?"

ఇలాంటి ప్రశ్న మీ ఇంట్లోనూ ఏదో ఒకరోజు రావచ్చు. అందుకే ఆ జవాబు కోసం నేను తెలుసుకున్నవన్నీ మీతో చెప్పాలనిపించింది.

గడియారం ఎందుకొచ్చింది?

మన తాతల కాలంలో అరుగుల మీద ఆడే చదరంగానికి గడియారం ఎక్కడుంది? పొద్దున్న మొదలుపెడితే దీపాలు పెట్టేవేళకి కూడా తేలేది కాదు. పాశ్చాత్య దేశాల్లోనూ మొదట్లో ఇదే వరస. ఓడిపోయేలా ఉన్నవాడు ఎత్తు వేయకుండా కూర్చుంటే అడిగే దిక్కు లేదు. 1861లో ఆండర్సన్, కోలిష్ అనే ఇద్దరు మేటి ఆటగాళ్ళు ఇసుక గడియారాలు పెట్టుకుని ఆడారు. 1883లో లండన్ టోర్నమెంట్‌లో జంట గడియారం వచ్చింది. ఒకరిది ఆగితే రెండోవారిది నడుస్తుంది.

తర్వాత వచ్చిన గడియారాల్లో చిన్న ఎర్ర జెండా ఉండేది. పెద్ద ముల్లు పన్నెండు దగ్గరకొచ్చేసరికి జెండా పైకి లేచి, సమయం అయిపోగానే టక్కున పడిపోయేది. ఇప్పుడు అంకెల గడియారాలు వచ్చినా, సమయం అయిపోతే 'ఫ్లాగ్ పడింది' అనే అంటారు.

సమయం అయిపోతే బోర్డు మీద ఎన్ని పావులున్నా ఓటమే. ఒక్క మినహాయింపు ఉంది. ఎదుటివారికి ఎన్ని ఎత్తులు వేసినా ఆటకట్టు చేసే వీలే లేకపోతే, ఉదాహరణకి వట్టి రాజు ఒక్కటే మిగిలితే, అది డ్రా అవుతుంది.

ఈ బాధ తగ్గించడానికి బాబీ ఫిషర్ ఒక ఉపాయం ఆలోచించాడు. వేసిన ప్రతి ఎత్తుకీ కొన్ని సెకన్లు కలిపే గడియారానికి 1988లో పేటెంట్ కోరాడు. 1992లో స్పాస్కీతో ఆడిన మ్యాచ్‌లో దాన్నే వాడారు. ఇప్పుడు పెద్ద పోటీల్లో ఎత్తుకి ఇన్ని సెకన్లని కలపడం మామూలైపోయింది. మన పిల్లల పోటీల్లో మాత్రం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పేరు ఇచ్చేటప్పుడే అడిగి తెలుసుకోండి.

పెద్దవాళ్ళకీ తప్పలేదు

పసిపిల్లలు కాబట్టి ఏడుస్తారనుకుంటున్నారా? 2008లో అమెరికా మహిళల ఛాంపియన్‌షిప్ టల్సా నగరంలో జరిగింది. ఇరీనా క్రష్, అన్నా జటోన్‌స్కిహ్ సమానంగా నిలిచారు. టైటిల్ చివరికి 'ఆర్మగెడాన్' ఆట మీదికొచ్చింది. ఈ ఆటలో తెల్లపావులవారికి సమయం ఎక్కువ, నల్లపావులవారికి తక్కువ. దానికి బదులుగా డ్రా అయితే నల్లపావులవారు గెలిచినట్టు. ఆ రోజు ఇరీనాకి ఆరు నిమిషాలు, అన్నాకి నాలుగున్నర. ఎత్తుకి సెకన్లు కలపడం లేదు.

చివరికి ఇద్దరి దగ్గరా సెకన్లే మిగిలాయి. చేతులు ఎత్తు వేయడానికీ గడియారం నొక్కడానికీ పరుగులు తీశాయి. ఇరీనా సమయం అయిపోయేసరికి అన్నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క సెకను! ఇరీనా కోపం పట్టలేక బోర్డు మీది పావును కొట్టి పడేసి వెళ్ళిపోయింది. తను గడియారం నొక్కకముందే అన్నా ఎత్తు వేసేసిందంటూ తర్వాత బహిరంగ లేఖ రాసింది. ఫలితం మాత్రం మారలేదు.

ఇంతటితో అయిపోతే ఈ కథ మీకు చెప్పేదాన్నే కాదు. అదే సంవత్సరం నవంబరులో జర్మనీలోని డ్రెస్డెన్‌లో చెస్ ఒలింపియాడ్ జరిగింది. ఈ ఇద్దరూ ఒకే జట్టులో పక్కపక్కన కూర్చుని ఆడి అమెరికాకి కాంస్యం తెచ్చారు. ఆ తర్వాత ఇరీనా కూడా ఆ దేశ టైటిల్‌ని ఎన్నోసార్లు గెలుచుకుంది.

అదే 2008లో రష్యాలోని నాల్చిక్‌లో మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటి రౌండులో ఇంకో విచిత్రం జరిగింది. పోలండ్ క్రీడాకారిణి మోనికా సోచ్కో, రుమేనియా అమ్మాయి సబీనా ఫోయిషోర్ ఆర్మగెడాన్ ఆడారు. ఇద్దరికీ రాజు, ఒక గుర్రం మిగిలాయి. నల్లపావుల సబీనా సమయం అయిపోయింది. గుర్రాలతో ఏం గెలుస్తారని ఆర్బిటర్ డ్రా అన్నారు. అంటే సబీనా గెలిచినట్టే. మోనికా అరవలేదు, అప్పీలు చేసింది. ఎదుటివారి గుర్రమే వారి రాజుకి దారి మూసేస్తే ఆటకట్టు పడే వీలుంది కాబట్టి నియమం ప్రకారం గెలుపు తనదేనంది. అప్పీలులో తీర్పు మారి మోనికా తర్వాతి రౌండుకి వెళ్ళింది. నోరు కన్నా నియమం తెలియడం ముఖ్యమని దీన్నిబట్టి తెలియడం లేదూ?

మన హంపి మాటేమిటి?

గుడివాడలో పుట్టిన మన కోనేరు హంపి పాప పుట్టాక కొంతకాలం ఆటకి దూరంగా ఉండి మళ్ళీ వచ్చారు. 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ పోటీలో చైనా క్రీడాకారిణి లీ టింగ్జీతో టైబ్రేక్ ఆడాల్సి వచ్చింది. మొదటి ఆటలో హంపి సమయం అయిపోయి ఓడిపోయారు. అక్కడే కుంగిపోతే? రెండో ఆట గెలిచారు. తర్వాత ఆర్మగెడాన్ దాటి ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో అదే టైటిల్ రెండోసారి గెలిచారు.

2025 జూలైలో జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్. ఇద్దరూ మనవాళ్ళే! 38 ఏళ్ళ హంపి, 19 ఏళ్ళ దివ్యా దేశ్‌ముఖ్. మామూలు ఆటలు రెండూ డ్రా. ర్యాపిడ్‌లో మొదటిదీ డ్రా. రెండోదాంట్లో హంపికి సమయం చాలక పొరపాటు దొర్లింది. ఓటమి ఒప్పుకుని చేయి కలిపారు. దివ్య వెళ్ళి వాళ్ళమ్మని పట్టుకుని ఏడ్చింది. అంత అనుభవం ఉన్న హంపినే గడియారం ఒకసారి దెబ్బ తీసిందంటే, మన పిల్లలు బెంబేలు పడడంలో వింతేముంది?

అరిసెల పాకం లెక్క

"నిదానమే ప్రధానం" అంటారు మన పెద్దలే. "ఆలస్యం అమృతం విషం" అన్నదీ వాళ్ళే. రెంటిలో ఏది ఎప్పుడో తెలుసుకోవడమే నేర్పు. సంక్రాంతికి మనం వంట ఎలా చేస్తాం? పప్పు కుక్కర్లో పడేసి వేరే పని చూసుకుంటాం. అరిసెల పాకం దగ్గర మాత్రం కదలకుండా నిలబడతాం. ఆటలోనూ అంతే. పాకం పట్టే ఎత్తులు రెండో మూడో ఉంటాయి. సమయం వాటికి దాచుకోవాలి. పిల్లలకి ఇలా అలవాటు చేయండి.

* పదిహేను నిమిషాల ఆటంటే 900 సెకన్లు. నలభై ఎత్తులనుకుంటే ఒక్కోదానికి వచ్చేది 22 సెకన్లే. ఈ లెక్క పిల్లల చేతనే వేయించండి.

* మొదటి పది ఎత్తులకి రెండు నిమిషాలు, నడుమ ఆటకి తొమ్మిది, చివరికి నాలుగు. ఇలా పంచుకుంటే కంగారుండదు. రోజూ ఆడే మొదటి ఎత్తులకి మళ్ళీ మళ్ళీ ఆలోచించడం కుక్కర్ ముందు కాపలా కాయడం లాంటిది.

* ఎదుటివారి గడియారం నడుస్తున్నప్పుడు దిక్కులు చూడకుండా తన తర్వాతి ఎత్తు ఆలోచించుకోవాలి.

* గెలిచే ఆటలో అందమైన ఎత్తు కోసం వెతకక్కర్లేదు. సులువైనది, ప్రమాదం లేనిది చాలు.

* ఎత్తులు రాసుకునే పెద్ద ఆటల్లో, పక్కనే మిగిలిన నిమిషాలు కూడా వేసుకోవాలి. సమయం ఎక్కడ పోయిందో ఇంటికొచ్చాక తెలుస్తుంది.

* ఇంట్లో ఆడేటప్పుడూ గడియారం పెట్టండి. సెల్‌ఫోన్‌లో చెస్ గడియారం యాప్ ఉంటే చాలు, కొనక్కర్లేదు.

మర్యాద ఎక్కడుంది?

ఎత్తు వేసిన చేత్తోనే గడియారం నొక్కాలి. గడియారం మీద వేలు పెట్టుకుని కూర్చోకూడదు. పావు పడిపోతే పడేసినవారే తమ సమయంలోనే నిలబెట్టాలి. ఎదుటివారికి గడియారం నొక్కే వీలివ్వాలి. గొడవ వస్తే వాదించకుండా గడియారం ఆపి ఆర్బిటర్ కోసం చెయ్యెత్తాలి. ఇవన్నీ నియమాలే.

నియమంలో లేనిది ఒకటుంది. ఇద్దరికీ ఒక్కో ఏనుగే మిగిలి, ఎవరూ గెలవలేని ఆటలో ఎదుటివారికి పది సెకన్లే ఉన్నాయనుకోండి. ఊరికే పావులు తిప్పి గడియారంతో గెలవడం నియమం ప్రకారం తప్పు కాదు. డ్రా చేసుకుందామా అని అడగడం పెద్ద మనసు. ఏది చేయాలో పిల్లలనే ఆలోచించుకోనివ్వండి.

ఇక మన సంగతి. కిటికీలోంచి "టైమైపోయింది చూడవే" అని అరవకూడదు. ఏదైనా తప్పు కనిపిస్తే చెప్పాల్సింది ఆర్బిటర్‌కి మాత్రమే. ఓడి వచ్చిన బిడ్డని "టైం చూసుకోవద్దూ!" అని వరండాలోనే నిలదీయకండి. ముందు మంచినీళ్ళివ్వండి. లెక్కలు ఇంటికెళ్ళాక.

ఇంతకీ మా అమ్మాయికి ఏం చెప్పానంటారా? ఆ రాత్రి పక్కలు వేస్తూ చెప్పాను. "గెలిచినట్టేనమ్మా. ఆ పాప అంత మంచి ఎత్తులు వేసిందంటే తన సమయం ఖర్చు పెట్టి వేసింది. నువ్వు నీది దాచుకున్నావు. అందులో మోసం లేదు. కానీ బోర్డు మీద నువ్వు వెనకబడ్డావు, అది కూడా నిజమే. ఆ సంగతి మరిచిపోకు."

నెల తర్వాత అదే హాల్లో మళ్ళీ పోటీ. మధ్యాహ్నం చూద్దును కదా, వరండాలో ఆ పాపా మా అమ్మాయీ మా పులిహోర డబ్బా మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. అప్పుడు మంత్రితో ఎలా ఆటకట్టు చేసుండాలో ఆ పాప బోర్డు మీద చూపిస్తోంది. ఈసారి పక్కన గడియారం లేదు. వాళ్ళమ్మగారు నన్ను చూసి నవ్వి, పక్కన చోటిచ్చారు.