పెరటి తోటల తీగజాతి కూరగాయలలో పండు ఈగ యాజమాన్యం

పెరటి తోటలలో పెంచే కాకర, బీర, సొర, పొట్ల, దోస పాదులను ఆశించే పండు ఈగ శాస్త్రీయ నామం జ్యూగోడాకస్ కుకుర్బిటే. దీని నివారణకు ఎర బుట్టలు విరివిగా వాడుకలో ఉన్నాయి. అయినప్పటికీ, బుట్ట నిండా ఈగలు పడుతున్నా కాయలు కుళ్ళడం ఆగకపోవడం తరచుగా కనిపిస్తుంది. దీనికి కారణం పురుగు జీవనక్రమంలోనే ఉంది.

జీవనక్రమం, నష్టపరచే విధానం

ఆడ ఈగ లేత పిందె తొక్కను గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. గుచ్చిన చోట జిగురు కారి గట్టిపడుతుంది. పిందె వంకర తిరుగుతుంది. గుడ్ల నుండి వెలువడిన కాళ్ళు లేని తెల్లని పిల్ల పురుగులు గుజ్జును తినడం వలన కాయ కుళ్ళి రాలుతుంది. ఎదిగిన పురుగులు కాయను వీడి, నేలలో 0.5 నుండి 15 సెం.మీ. లోతున కోశస్థ దశకు చేరుకుంటాయి. అనుకూల వాతావరణంలో రెండు, మూడు వారాలలోనే కొత్త తరం ఈగలు వెలువడతాయి.

ఎరల పరిమితి

క్యూ-లూర్ ఎర ప్రధానంగా మగ ఈగలనే ఆకర్షిస్తుంది. ఒక మగ ఈగ పలు ఆడ ఈగలతో కలియగలదు. పైగా ఇరుగుపొరుగు పెరళ్ళ నుండి గుడ్లు పెట్టడానికి సిద్ధమైన ఆడ ఈగలు వస్తూనే ఉంటాయి. మామిడి తోటలలో వాడే మిథైల్ యూజినాల్ ఎర ఈ జాతిపై పనిచేయదు. కనుక పెరటిలో క్యూ-లూర్ బుట్టను ఈగ ఉనికిని, ఉధృతిని తెలిపే సూచికగా భావించాలి.

యాజమాన్యం

రాలిన, పుచ్చిన కాయలను ప్రతిదినం ఏరివేయడం అన్నింటికన్నా ముఖ్యం. వాటిని చెత్తకుప్పలో గాని, ఎరువు గుంటలో గాని పడవేస్తే పురుగులు అక్కడే జీవనచక్రాన్ని పూర్తి చేసుకుంటాయి. మందపాటి పాలిథీన్ సంచిలో గట్టిగా కట్టి ఎండలో ఉంచాలి, లేదా కనీసం అర మీటరు లోతున పూడ్చాలి. పాదుల కింది మట్టిని తరచుగా తిరగవేస్తే కోశస్థ దశలు ఎండకు, పక్షులకు గురవుతాయి.

పరాగసంపర్కం జరిగి పూరేకులు వాడగానే పిందెలకు కాగితపు సంచులు తొడగాలి. అంతకు ముందే తొడిగితే పిందె నిలవదు. రెండు, మూడు రోజులకొకసారి కోతకు వచ్చే పెరటి కూరగాయలలో మందు పిచికారీ తరువాత పాటించవలసిన నిరీక్షణ కాలానికి అవకాశం ఉండదు. కనుక కాయలపై రసాయనాలు వాడరాదు.

జపాన్‌లోని ఒకినావాలో వంధ్య ఈగలను ప్రాంతమంతటా విడుదల చేసి 1993 నాటికి ఈ జాతిని నిర్మూలించారు. ఆ స్థాయి కార్యక్రమం పెరళ్ళకు సాధ్యం కాకపోయినా, ఒక వీధిలోని వారందరూ కలిసి కాయలు ఏరడం సాధ్యమే. విస్తరణ సిబ్బంది బుట్టలో పడిన ఈగలను లెక్కించడంతో సరిపెట్టక, రాలిన కాయలు ఎక్కడికి చేరుతున్నాయో కూడా పరిశీలించాలి.