దోనాలీ తుపాకికి విలువ కట్టుట

అబిడ్సు కూడలినుండి ఫతే మైదానము దిక్కుగా నడచువారికి గన్‌ఫౌండ్రీ అను పేట యెదురగును. రెండవ నిజామైన నిజాం అలీ ఖాను కొలువులో సేనానాయకుడై, జనుల నోట మూసారాముడుగా మారి, 1798లో ఇచ్చటనే కన్నుమూసిన ఫ్రెంచి వీరుడు రేమండ్, తన సైన్యమునకు వలసిన ఫిరంగులను 1795 ప్రాంతమున పోతపోయించిన కార్ఖానా ఈ పేటలోనిదే; 'తోప్ కా సాంచా' యను పేరు దానికి నేటికిని నిలిచియున్నది. పోతపోసిన ఫిరంగి చూడముచ్చటగా నున్నంత మాత్రమున ఏ సేనానియు దానిని నమ్మడు. వాడుకకంటె అధికముగా మందు దట్టించి, దూరమునుండి నిప్పంటించి, పగులక నిలిచిన గొట్టమునే సేనలోనికి తీసికొనుట నాటి ఆయుధశాలల యాచారము. ఆయుధపు మంచిచెడ్డలను తేల్చుటకు మానవుడు కనుగొన్న పద్ధతులలో ఇది యొకటి. నా యభిప్రాయమున ఉత్తమమైనది యిదియే. అబిడ్సు, నాంపల్లి ప్రాంతములలోని ఆయుధ విక్రేతలయొద్ద దోనాలీ తుపాకులను చూచి, "ఇది ఏ కంపెనీది? ఆ కంపెనీ మంచిదేనా?" అని ప్రశ్నించువారు సాధారణముగా గొట్టముపై చెక్కిన పేరును చదివి తృప్తిపడుదురు. పేరునకు గౌరవము చూపవలసినదే. కాని ఆ గొట్టము ఏ పరీక్షకు నిలిచినది, నేడు ఏ స్థితిలో నున్నది యను రెండు సంగతులు పేరుకంటె ముందు విచారింపదగినవి.

దోనాలీ యనగా ఒకదాని ప్రక్కనొకటిగా అతికిన రెండు గొట్టములుగల చర్రాల తుపాకి. రైఫిలు గొట్టములోనుండు మెలిచాళ్లు దీనికి లేవు. లోపల నున్నగా నుండును. ఒక పౌను సీసమును పండ్రెండు సమానమైన గుండ్లుగా చేసినచో అందొక గుండు ఏ గొట్టములో సరిగా ఇముడునో అది పండ్రెండు బోరు. దాని వ్యాసము రమారమి 18.5 మిల్లీమీటర్లు. చెకుముకిరాతి నిప్పుతో తుపాకులు పేలు దినములలోనే లండను శిల్పి జోసెఫ్ మాంటను ఈ జంటగొట్టముల తుపాకిని తేలికయు, సౌష్ఠవమును కలదానిగా తీర్చిదిద్దెను; ఆయన కార్ఖానాలో పనిచేసిన జేమ్స్ పర్డే 1814లో స్వంత దుకాణము తెరచెను. చెకుముకి మెరుపు కనబడగానే, చర్రాలు చేరులోపల, పక్షులు తప్పించుకొనుచున్నవని విసిగిన ఫోర్సైతు అను స్కాట్లండు మతాచార్యుడు, దెబ్బకు పేలు రసాయనముతో మందును అంటించు విధానమునకు 1807లో పేటెంటు పొందెను. 1835 ప్రాంతమున పారిసులో లెఫోషూ యనునతడు మందును, చర్రాలను, పేలుడు బిళ్లను ఒకే కార్తూసులో నిమిడ్చి, గొట్టములను బందుమీద క్రిందికి వంచి వెనుకనుండి నింపు ఏర్పాటును ప్రచారమునకు తెచ్చెను. 1851 నాటి లండను మహాప్రదర్శనలో దానిని చూచిన ఆంగ్ల శిల్పులు క్రమముగా ఆ త్రోవ పట్టిరి. అటుపిమ్మట 1875లో వెస్ట్లీ రిచర్డ్సు కార్ఖానాకు చెందిన ఆన్సన్, డీలీ అనువారు, గొట్టములు వంగుటతోడనే లోపలి గుర్రములు తమంతట తామే ఎక్కుకొను బాక్సులాకు యంత్రమును కల్పించిరి. గొట్టపు మూతిని కొద్దిగా ఇరుకుచేసినచో చర్రాలు చెదరక గుంపుగా పోవునను 'చోకు' విద్యకు 1874లో బర్మింగుహాము శిల్పి గ్రీనరు విశేష ప్రచారము కల్పించెను.

19వ శతాబ్ది ముగియునప్పటికి ఈ యంత్రము దాదాపు పూర్ణరూపమును పొందినది. మూలసూత్రములలో నేటి దోనాలీకిని నాటి దోనాలీకిని భేదము స్వల్పము. నూరేండ్లనాటి గడియారమో, మోటారుబండియో పురావస్తువుగా మాత్రమే వెల పలుకుచుండగా, నూరేండ్ల దోనాలీ నేటికిని పనిముట్టుగా చలామణీ యగుటకు హేతువు ఇదియే. విలువ కట్టువాని చిక్కులన్నియు పుట్టుచున్నదియు నిచ్చటనే.

ఆ చిక్కులలో మొదటిది డమాస్కసు గొట్టము. ఇనుమును, ఉక్కును పట్టీలుగా పేర్చి, మెలిత్రిప్పి, కడ్డీచుట్టు చుట్టి, కొలిమిలో సమ్మెటలతో అతికినందున, దానిమీద సుడులు తిరిగిన చిత్రమైన చారలు కనబడును. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మూసలలో కరగించి చేసిన ఉక్కును పారసీక వర్తకులు వచ్చి కొనిపోవుచుండిరని, దానిని దర్శించిన వోయిసీ పండితుడు వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చయినది. డమాస్కసు ఖడ్గముల కీర్తి మన నేలయుక్కు పెట్టిన భిక్ష యని మనము గర్వించుట న్యాయమే. కాని ఖడ్గపు చారలు ఆ ఉక్కు స్వభావమునుండి పుట్టినవి, గొట్టపు చారలు అతుకులనుండి పుట్టినవి. గొట్టము పొడుగునను అతుకులే. అందేయొకటి లోలోపల తుప్పుపట్టినను పైకి తెలియదు. అవి నల్లమందునకు తగినట్లు చేసినవి గాని, తరువాత వచ్చిన నైట్రో మందు పుట్టించు ఒత్తిడిని ఉద్దేశించి చేసినవి కావు. నైట్రో పరీక్షకు నిలిచిన డమాస్కసు గొట్టములు లేకపోలేదు. ఆ ముద్ర లేనిదానిలో నేటి కార్తూసు పెట్టుట ప్రాణాపాయము.

హైదరాబాదులో మంచి విలాయతి తుపాకులు ఇన్ని యుండుటకు కారణము ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాను కాలపు వేటవిలాసము. 1902లో వైస్రాయి కర్జను వరంగల్లు అడవులలో పులివేటకు వచ్చినప్పటి దృశ్యములు రాజా దీనదయాళు ఛాయాచిత్రశాల పుణ్యమున నేటికిని మిగిలియున్నవి. ఆ నిజాము కొలువువాడైన ఆల్బర్టు అబిడు తెరచిన అంగడి వలననే అబిడ్సునకు ఆ పేరు వచ్చినది. 1907లో నాంపల్లి రైలుస్టేషను ఏర్పడుటతో ఈ వీధులు రాజధాని వర్తకమునకు ముంగిలియైనవి. కలకత్తాలో 1825 ప్రాంతముననే మాంటను వంశీయులు పెట్టిన దుకాణము మొదలుకొని దేశీయ సంస్థానముల కోరికలెరిగిన వర్తకులు పెక్కురుండిరి. ఆ కోరికలకనుగుణముగా పుట్టినవానిలో నాకు మిక్కిలి ప్రీతికరమైనది 'పారడాక్సు' తుపాకి. దక్కను అడవిలో పొదలు కదలినచో వెలికి వచ్చునది కౌజో, ఎలుగుబంటియో ముందు తెలియదు. ఫాస్‌బరీ యను సైనికాధికారి 1885లో పేటెంటు పొందగా హాలండ్ అండ్ హాలండ్ వారు తయారుచేసిన ఈ తుపాకిలో, గొట్టమంతయు నున్నగా నుండి, మూతివద్ద కొన్ని యంగుళములు మాత్రము మెలిచాళ్లుండును. చర్రాలును పోవును, పెద్ద గుండును గురి తప్పక పోవును. అట్టిదానికి విలువ కట్టునపుడు తక్కిన గొట్టమెంత మెరసినను లాభము లేదు. మూతిలోని చాళ్ల అంచులు అరిగినవా లేవా యని చూడవలెను.

ఏ తుపాకినైనను చేతికి తీసికొనగానే, అందు కార్తూసు లేదని కంటితో చూచి, గొట్టములను విడదీసి, వెలుతురు వచ్చు కిటికీ వైపు పట్టి లోపలికి చూడవలెను. గొట్టము తిన్ననిదైనచో లోపల కనబడు వెలుగు వలయములన్నియు ఏకకేంద్రములై యుండును; ఒకచోట వలయము ప్రక్కకు జరిగినచో అచ్చట గొట్టము వంగినదో, సొట్టపడినదో యని యర్థము. నల్లని చుక్కలు కనబడినచో అవి తుప్పు తినిన గుంటలు. కార్తూసు కూర్చుండు అరకు కొంచెము ముందు ఈ గుంటలున్న తుపాకిని నేను కొనుమని యెవరికిని చెప్పజాలను, ఏలయన ఒత్తిడి యధికముగా నుండు చోటు అది. పిమ్మట గొట్టముల జంటను అడుగున నున్న కొక్కెముపట్టి వ్రేలాడదీసి వ్రేలికణుపుతో మెల్లగా తట్టవలెను. రెంటినడుమ అతికిన పట్టె గట్టిగా నున్నచో కంచుపళ్లెము మ్రోగినట్లు నాదము సాగును. టంకము విడినచో బొంగురుగా తెగిపోవును. ఈ పరీక్షకు పనిముట్టేదియు నక్కరలేదు, మంచి చెవి చాలును.

కంటికిని, చెవికిని అందని దోషములు కొలతకు దొరకును. వెనుక కొననుండి తొమ్మిది యంగుళముల లోతున వ్యాసమును కొలిచి, గొట్టముపై ముద్రించిన కొలతతో పోల్చవలెను. లోపల పదేపదే నునుపుచేయించి తుప్పు దాచినవారి గుట్టు ఇచ్చట బయటపడును. అంగుళములో వేయింట పది వంతులకు మించి పెరిగినచో ఆ తుపాకి పరీక్షాముద్ర చెల్లనిదగును. గోడ మందము అర మిల్లీమీటరుకు తగ్గినచో అనుభవజ్ఞులు చేయి వెనుకకు తీసికొందురు. ఇక ముందరి కట్టెను తీసివేసి, గొట్టములను మూసి, కుందా పట్టుకొని ఊపినపుడు ఏమాత్రము కదలిక యున్నను బందుచీల అరిగినదని తెలియవలెను. ముందరికట్టె బిగువు ఆ కదలికను దాచును గనుకనే దానిని తీసి చూడుమందురు.

బరువు విషయమున గ్రీనరు పేర వాడుకలోనున్న నియమమొకటి కలదు: పేల్చు చర్రాల బరువునకు తుపాకి 96 రెట్లుండవలెను. 32 గ్రాముల చర్రాలు పేల్చుదానికి ఇది మూడు కిలోలకు కొంచెము పైగా నగును. అంతకంటె తేలికయైనచో భుజమునకు దెబ్బ, బరువైనచో చేతికి శ్రమ. చోకును నిర్ణయించుటకు నలువది గజముల దూరమున సున్నము పూసిన ఇనుపరేకుపై పేల్చి, ముప్పది యంగుళముల వలయములో పడిన చర్రాలను లెక్కింతురు. నూటికి 70 పడినచో నిండు చోకు, 40 పడినచో చోకు లేనిది. గొట్టముపై ఏమి చెక్కియున్నను రేకు చెప్పినదే ప్రమాణము.

ముద్రల విద్య ప్రత్యేకముగా నేర్వదగినది. లండను తుపాకిశిల్పుల సంఘమునకు 1637లోనే రాజశాసనము లభించినది. బర్మింగుహాము పరీక్షాశాల 1813లో వెలసినది. బెల్జియములోని లియేజు ముద్ర అండాకృతిలో 'ఇ.ఎల్.జి.' అను అక్షరములతో నుండును. 'నాట్ ఫర్ బాల్' అను మాటలు కనబడినచో అది 1875కును 1887కును నడుమ బ్రిటనులో పరీక్షింపబడిన చోకు గొట్టమని, సందేహము లేకుండ కాలనిర్ణయము చేయవచ్చును. ఈ విద్య తెలియని కొనుగోలుదారు పేరునుబట్టి మోసపోవును. మాంటను పేరు చెక్కిన నకిలీలును, వెస్ట్లీ రిచర్డ్సు అని భ్రమ గొల్పునట్లు 'డబ్ల్యు. రిచర్డ్స్' అని చెక్కిన బెల్జియము సరకును ఆ దినములలో విరివిగా అమ్ముడుపోయినవి. పైన ఆంగ్ల నామము, అడుగున లియేజు ముద్ర యున్న తుపాకి తనకథను తానే చెప్పుకొనును. అంతమాత్రమున బెల్జియము వారి పని నీచమనరాదు. బ్రౌనింగు తుపాకులు పేరు గడించినది లియేజు సమీపపు ఎర్‌స్టాలు కార్ఖానాలోనే.

మనదేశములో గుణమునకును వెలకును గల బంధము తక్కిన దేశములందువలె తిన్ననిది కాదు. 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేనివాడు తుపాకిని కొనరాదు, లైసెన్సు లేనివానికి అమ్మరాదు. ఇరువది యంగుళములకు తగ్గని నున్నగొట్టపు తుపాకికి రక్షణార్థము లైసెన్సు ఇచ్చుటలో ఆ చట్టము కొంత సౌలభ్యము చూపినది. 8వ సెక్షను తయారీదారు పేరును, సంఖ్యను చెరిపివేయుటనుకూడ నేరముగా నెంచినది గనుక, సంఖ్య గీకివేసిన తుపాకి యెంత గొప్పదైనను దానికి విలువ లేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టమును, 1991 సవరణయును వేటను ముగించినవి, అది ముగియవలసినదే. విదేశీ తుపాకుల దిగుమతిపై ఆంక్షలు రాగా పాతవి అపురూపములైనవి. మన్నిక గల విలాయతి తుపాకితోపాటు అరిగిపోయినదియు అదే ధర అడుగసాగినది. 2019 సవరణ ఒక్కొక్కరికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు తగ్గించుటచే, పూర్వీకుల మూడవ తుపాకి అనేక గృహములనుండి వెలికి రావలసి వచ్చినది. ఎన్నికలప్పుడు ఠాణాలోనో, డీలరు వద్దనో అప్పగించిన తుపాకికి నూనె పెట్టకున్నచో, ఒక్క వానకాలము చాలును, గొట్టము చెడుటకు. ప్రభుత్వ కర్మాగారముల దోనాలీకిని, జమ్మూ, ముంగేరు కార్ఖానాల దోనాలీకిని నగిషీ తక్కువైనను, పంటకాపునకును, ఇంటిరక్షణకును కొనువాడు శిథిలమైన విలాయతి నామముకంటె వీనిలో దోషరహితమైన కొత్తదానిని ఎన్నుకొనుట వివేకమని నా దృఢవిశ్వాసము.

క్రీడాకారుని దృష్టి వేరు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ట్రాప్ పోటీయందు జట్టు స్వర్ణమును, వ్యక్తిగత కాంస్యమును గెలిచిన కైనాన్ చెనాయి హైదరాబాదు వాడే. ఆ పోటీలో 110 మిల్లీమీటర్ల మట్టిబిళ్లలు ఎగురుచుండగా 24 గ్రాముల చర్రాలతో కొట్టవలెను. అభ్యాసములో వేలకొలది కార్తూసులు పేలును. ఇచ్చట జంటగొట్టములు ఒకదానిపై నొకటి యుండును. ఇటలీలోని బెరెట్టా, పెరాజ్జి వంటి కార్ఖానాల పేరు నిలచినది నగిషీవలన గాక, అన్ని పేలుళ్లకును బందు సడలకుండుటవలన, కుందా కొలతలు మనిషికి తగినట్లు అమరుటవలన.

విలువ కట్టువారిని తికమకపెట్టునది ఇంకొకటి కలదు. గొట్టములు చెడిన మంచి ఆంగ్ల తుపాకికి, వెనుకభాగము నుంచి, తక్కినది కోసివేసి, కొత్త ఉక్కుగొట్టములు దిగవేయుటను 'స్లీవింగు' అందురు. పనితనము మంచిదైనచో అది మరల నిర్భయముగా పేల్చదగినదగును. సంగ్రాహకుని లెక్కలో మాత్రము దాని ధర బహుళముగా పడిపోవును. బ్రిటనులో అట్టిదానిపై 'స్లీవ్డ్' అను ముద్ర విధిగా వేయుదురు గాని, ఇతరత్ర జరిగిన పనికి ముద్ర యుండకపోవచ్చును. అప్పుడు వెనుక కొననుండి మూడంగుళముల దూరమున గొట్టముచుట్టు సన్నని అతుకుగీత యేదైన కలదేమో గోటితో తడవి చూచి, అటుపిమ్మటనే బేరమాడవలెను.