నడుము నొప్పికి సూది ఎక్కడ గుచ్చాలి?

కరీంనగర్: చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టే మహిళలకు, మరమగ్గాల వద్ద గంటల తరబడి నిలబడే సిరిసిల్ల కార్మికులకు, ఒకప్పుడు తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన గోదావరిఖని, బెల్లంపల్లి గని కార్మికులకు అందరికీ తెలిసిన బాధ నడుము నొప్పి. వెయ్యి బీడీలకు ఇంతని కూలి కట్టే చోట నడుము పట్టేసిందంటే ఆ పూట కూలి పోయినట్లే. మాత్రలు మింగి విసిగినవారికి ఎవరో ఒకరు ఆక్యుపంక్చర్ సంగతి చెబుతారు. నొప్పి నడుములో ఉంటే సూది మోకాలి వెనుక ఎందుకన్నది అప్పుడు వచ్చే మొదటి సందేహం.

ఈ చైనా వైద్యాన్ని మన దేశానికి తెచ్చినవారు డాక్టర్ బి.కె. బసు. 1938లో చైనా వెళ్లిన ఐదుగురు భారతీయ వైద్యుల బృందంలో డాక్టర్ కోట్నిస్‌తో పాటు ఆయన ఒకరు. 1959లో కలకత్తాలో ఈ చికిత్సకు శ్రీకారం చుట్టారు.

సూది గుచ్చే స్థానాలను మూడు విధాలుగా ఎంచుతారు. మొదటిది, నొక్కితే చురుక్కుమనే చోటు. రెండవది, నడుము మీది స్థానాలు. నడుములోని రెండో పూస కింద, వెన్ను మధ్య గీతకు ఒకటిన్నర బొటనవేలి వెడల్పు దూరంలో ఉండేది బి.ఎల్.-23. నాలుగో పూస వద్ద అలాగే ఉండేది బి.ఎల్.-25. కొలతకు రోగి బొటనవేలే ప్రమాణం. మూడవది, దూరపు స్థానాలు. వీపు నుంచి కాలి వెనుకగా పాదం దాకా ఒకే శక్తిమార్గం ఉందన్నది చైనా వైద్యుల భావన. అందుకే మోకాలి మడత నడుమ బి.ఎల్.-40, చీలమండ వెనుక బి.ఎల్.-60 ఎంచుతారు. నొప్పి పిరుదు మీదుగా కాలి పక్కకు దిగితే జి.బి.-30, జి.బి.-34 చేరుస్తారు.

ఇంత లెక్క నిజంగా అవసరమా? జర్మనీలో 1,162 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఆరు నెలల తరువాత, సరైన స్థానాల్లో గుచ్చినవారిలో 47.6 శాతం మందికి, స్థానాలు తప్పించి పైపైన గుచ్చినవారిలో 44.2 శాతం మందికి గుణం కనిపించింది. మందులు, వ్యాయామం వంటి మామూలు చికిత్స పొందినవారిలో అది 27.4 శాతమే. అంటే సూది వల్ల ఊరట ఉంది గాని, అది ఫలానా చోటి మహిమేనని చెప్పడం కష్టం. దీర్ఘకాలిక నడుము నొప్పికి ఇతర చికిత్సలతో పాటు ఈ వైద్యాన్నీ వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో షరతులతో సూచించింది.

స్థానం కన్నా ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి. సూది కొత్తదై ఉండాలి. ఒకరికి వాడింది మరొకరికి వాడరాదు. నడుము పైభాగాన మరీ లోతుగా గుచ్చితే మూత్రపిండానికి ప్రమాదం. కాలు పట్టు తప్పినా, మూత్రం ఆగకపోయినా లేక బిగిసినా, తొడల నడుమ తిమ్మిరెక్కినా, జ్వరంతో నొప్పి వచ్చినా, కిందపడిన తరువాత మొదలైనా సూదుల కోసం చూడక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మిగతావారు మంచం పట్టకుండా మెల్లగా తిరగడం, గంటకోసారి పని ఆపి లేచి నాలుగడుగులు వేయడం మేలు. దానికి ఖర్చు లేదు.